ఆటిజం ఉన్న పిల్లల బడి చదువు: ప్రభుత్వం ఏం ఇస్తుంది, ఎలా అడిగి తెచ్చుకోవాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

మా అబ్బాయికి పదకొండేళ్లు. మండల కేంద్రంలోని సర్కారు బడిలో ఐదో తరగతి చదువుతున్నాడు. వాడికి ఆటిజం ఉందని తెలిసి ఏడేళ్లయింది. ఆ ఏడేళ్లలో కాళ్లరిగేలా తిరిగి తెలుసుకున్న సంగతులే ఇవి. భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సర్కారు నడిపే కేంద్రం) వరండాలో కూర్చున్నప్పుడు కొత్తగా వచ్చిన అమ్మానాన్నలు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ వర్తిస్తాయి, తేడా ఉన్నచోట చెప్పాను.

మా పాపకు మూడున్నరేళ్లు. పేరు పెట్టి పిలిస్తే తిరగదు, మాటలు రాలేదు. ముందు ఎక్కడ చూపించాలి?

"మా మేనమామ కొడుక్కి ఐదేళ్లకు వచ్చాయి మాటలు, ఎందుకంత కంగారు?" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్ల మాట విని మేము పది నెలలు పోగొట్టుకున్నాం. మీరు ఆగకండి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని కింద మొబైల్ టీమ్ అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి వస్తుంది. అంగన్‌వాడీ టీచరును అడిగితే ఎప్పుడొస్తారో చెబుతారు. అప్పటిదాకా కూర్చోనక్కర్లేదు. చాలా జిల్లాల్లో ప్రభుత్వ పెద్దాసుపత్రి దగ్గర జిల్లా సత్వర చికిత్స కేంద్రం ఉంటుంది, అందరూ డీఈఐసీ అంటారు. అక్కడ పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు ఉండాలి. స్పీచ్ థెరపిస్టు ఏయే రోజుల్లో ఉంటారో ముందే ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. లేకపోతే ఒక రోజు బస్సు ఛార్జీలు వృథా.

హైదరాబాద్‌కు రాగలిగితే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్ ఉంది. 1984లో పెట్టిన సంస్థ. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. ఆరేళ్లలోపు పిల్లల కోసం 2021 జూన్‌లో అక్కడ ప్రత్యేక కేంద్రం తెరిచారు. పరీక్ష, థెరపీ, అమ్మానాన్నలకు శిక్షణ ఒకేచోట దొరుకుతాయి.

వైకల్య సర్టిఫికెట్ చేతికి వచ్చాకే బడిలో చేర్చాలా?

వద్దు. ఈ రెండింటినీ ముడిపెట్టకండి. ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలెవరైనా సరే, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం చెబుతుంది. సర్టిఫికెట్ పని దాని దారిన అది నడుస్తుంది.

సదరం క్యాంపులో ఏం చేస్తారు? ఏం తీసుకెళ్లాలి?

డాక్టర్లు పరీక్షించి వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చేదే ఈ క్యాంపు. ఇప్పుడు దేశమంతటికీ ఒకటే యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు), కానీ మన దగ్గర జనం నోట్లో నానింది "సదరం" అనే మాటే. మీసేవలో గానీ, ఆంధ్రాలో అయితే గ్రామ, వార్డు సచివాలయంలో గానీ అడిగితే ఎలా దరఖాస్తు చేయాలో చెబుతారు. యూడీఐడీ పోర్టల్‌లో సొంతంగా కూడా పెట్టుకోవచ్చు. పిల్లవాడి ఆధార్, ఫొటో, ఇప్పటిదాకా చూపించిన డాక్టర్ల చీటీలు ఉంటే చాలు. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ బర్త్ సర్టిఫికెట్‌తో సరిపోయాయో లేదో ముందే చూసుకోండి. అక్కడ ఒక్క అక్షరం తేడా వస్తే తర్వాత ప్రతి ఆఫీసులోనూ వెనక్కి పంపిస్తారు.

ఆటిజానికి కొలబద్ద ఐసా అనే స్కేలు. అది సికింద్రాబాద్‌లోనే, ఇప్పుడు నీపిడ్ అంటున్న ఆ సంస్థలోనే తయారైంది. అందులో 40 అంశాలుంటాయి. కళ్లలోకి చూస్తాడా, అన్నమాటే మళ్లీ మళ్లీ అంటాడా, శబ్దాలకు ఎలా ఉంటాడు అని ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు. 106 దాకా తక్కువ తీవ్రత, 153 దాకా మధ్యస్థం, ఆపైన ఎక్కువ. ఇక్కడ మార్కులు ఎక్కువ వస్తే ఇబ్బంది ఎక్కువని అర్థం. పిల్లవాడి పరీక్ష మార్కుల్లా చూసి సంతోషించినవాళ్లనూ చూశాను.

మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. గది బయట ఎవరెవరో విడిచిన చెప్పులన్నీ మా వాడు గోడ వెంట జత జతగా పేర్చి, ఎవరైనా ఒకటి తీస్తే గోలగోల చేశాడు. తీరా లోపలికి వెళ్లాక కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు. "బాగానే ఉన్నాడు కదమ్మా" అన్నారు డాక్టరు. నేను ఫోన్ తీసి వీడియోలు చూపించాను. ఫ్యాన్ కింద గంటసేపు చేతులు ఆడిస్తూ నిలబడటం, అన్నం దగ్గర జరిగే యుద్ధం, బయట చెప్పుల సంగతి. అప్పుడు కుర్చీ దగ్గరకు జరుపుకుని మొదటినుంచి అడిగారు. కాబట్టి మాటలు రాని రోజువి, మొండికేసిన రోజువి, బాగున్న రోజువి కూడా ఒక్కో నిమిషం వీడియోలు తీసి పెట్టుకోండి. ఉప్మా తినిపించి, నీళ్ల సీసా, వాడికి ఇష్టమైన బొమ్మ పట్టుకుని వెళ్లండి.

చిన్నపిల్లలకు సాధారణంగా తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. గడువు తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోండి. మాది గడువు దాటిన సంగతి పెన్షన్ ఆగాక గానీ తెలియలేదు.

సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం కంటే తక్కువ వచ్చింది. ఇక ఏమీ రాదా?

పెన్షన్, రిజర్వేషన్ లాంటివాటికి 40 శాతం కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 31వ సెక్షన్ ఇచ్చే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్యకూ అదే గీత. కానీ అదే చట్టంలో 16వ సెక్షన్ చదవండి. బడి ఎవరినీ వేరుగా చూడకుండా చేర్చుకోవాలి, పిల్లవాడి అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలి, విడిగా సాయం అందించాలి అంటుంది. అక్కడ శాతం ఊసే లేదు. హెచ్ఎంలలో చాలామందికి ఈ తేడా తెలియదు. "40 లేదు కదమ్మా" అని తేల్చేస్తారు. గొడవ పడకుండా సెక్షన్ నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి.

బడిలో చేర్చాం. ఇంకేం చేయాలి?

ఇది ఎవరూ చెప్పని పని, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. యూడైస్ ప్లస్ అని బడి వివరాలన్నీ ఎక్కించే ఆన్‌లైన్ లెక్క ఒకటుంది. అందులో ప్రతి విద్యార్థికీ ప్రత్యేక అవసరాలున్నాయా లేదా, ఉంటే ఏ రకం అనే గడి ఉంటుంది. అక్కడ "ఉంది, ఆటిజం" అని పడకపోతే ప్రభుత్వం దృష్టిలో మీ పిల్లవాడు లేనట్టే. మండలానికి ఎంతమంది స్పెషల్ టీచర్లు, ఎంత సామగ్రి, ఎన్ని అలవెన్సులు అని సమగ్ర శిక్ష (బడి చదువుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే పథకం) వాళ్లు వేసుకునే ప్లానంతా ఆ అంకెల మీదే నడుస్తుంది.

మా వాడి పేరు రెండేళ్లు మామూలు పిల్లల్లోనే ఉంది. తప్పు ఎవరిదని చెప్పను. ఎక్కించే ఆయనకు ఆ గడి ఉందనే తెలియదు, మాకు అడగాలని తెలియదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, ఇక ఆఫీసుల సంగతి చెప్పాలా? ఏటా బడి తెరిచిన నెలలో హెచ్ఎం గారి దగ్గరకు వెళ్లి, కంప్యూటర్‌లో ఆ గడి చూపించమని మర్యాదగా అడగండి. చూశాకే లేవండి.

సర్టిఫికెట్ ఇంకా రాని పిల్లల కోసం ఎన్‌సీఈఆర్‌టీ ప్రశస్త్ అనే యాప్ తెచ్చింది. క్లాస్ టీచర్ మొదటి చెక్‌లిస్ట్ నింపుతారు, స్పెషల్ టీచర్ రెండోది నింపుతారు. అది చేయించమని కూడా అడగొచ్చు.

భవిత కేంద్రం అంటే ఏమిటి?

సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే వనరుల కేంద్రం. ఎక్కువగా ఏదో ఒక సర్కారు బడి ఆవరణలోనే ఒకటి రెండు గదుల్లో ఉంటుంది. అక్కడ పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులను ఐఈఆర్‌పీలు అంటారు. పిల్లలు "భవిత మేడం" అంటారు, అదే నయం. ఫిజియోథెరపిస్టు నిర్ణీత రోజుల్లో వస్తారు. కొందరు పిల్లలు రోజంతా అక్కడే ఉంటారు, కొందరు పొద్దున వచ్చి మధ్యాహ్నం మామూలు తరగతికి వెళ్తారు. చేర్చడానికి సర్టిఫికెట్ కోసం ఆగక్కర్లేదు. అలవెన్సుల దగ్గరే దాని అవసరం.

మా మేడం మొదటి వారం ఒక్క అక్షరం కూడా నేర్పలేదు. వాడి చెప్పులు, స్టీలు గ్లాసు, బ్యాగు, బాత్రూం తలుపు, మా ఆటో ఫోన్‌లో ఫొటోలు తీసి, ప్రింట్ వేయించి, లామినేషన్ చేయించి గోడకు వరసగా అంటించింది. వాడు రాగానే చెప్పుల ఫొటో ముట్టుకుని చెప్పులు విడవాలి, తర్వాత బ్యాగు, తర్వాత గ్లాసు. పదిహేనో రోజున దాహమేసి నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరకు లాక్కెళ్లి గ్లాసు ఫొటో మీద వేలు పెట్టాడు. అప్పటిదాకా దాహమైతే తల గోడకేసి కొట్టుకునేవాడు. లామినేషన్ డబ్బులు మేడం సొంతంగా పెట్టుకుందని తర్వాత తెలిసింది.

అన్ని కేంద్రాలూ ఇలా ఉండవు. తాళం వేసి ఉన్నవీ ఉన్నాయి. ఐఈఆర్‌పీలది కాంట్రాక్టు ఉద్యోగం, సర్వేలకూ మీటింగులకూ వాళ్లనే పిలుస్తారు. వెళ్లిన మొదటి రోజే కేంద్రాన్ని బట్టి నిర్ణయం తీసుకోకుండా రెండు మూడుసార్లు వెళ్లి చూడండి.

ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 3,500 రూపాయలట కదా, మా ఖాతాలో పడతాయా?

పడవు. అది సమగ్ర శిక్ష బడ్జెట్ లెక్క. క్యాంపులు, ఉపకరణాలు, బోధన సామగ్రి లాంటివాటికి తలకు ఇంత అని పెట్టుకునేది. నేరుగా ఖాతాలోకి వచ్చేవి వేరు. ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకు ఒకటి నుంచి 12వ తరగతి దాకా నెలకు 200 చొప్పున పది నెలలు స్టైపెండ్, దూరం నుంచి వచ్చే పిల్లలకు రవాణా అలవెన్సు, తోడు వచ్చేవాళ్లకు ఎస్కార్ట్ అలవెన్సు. పెద్ద మొత్తాలేం కావు, పడేటప్పుడు కూడా ఆలస్యంగా పడతాయి. అయినా వదులుకోకండి, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ భవిత మేడం దగ్గర ముందే ఇచ్చి పెట్టండి.

మా ఊరి బడిలో స్పెషల్ టీచర్ లేరు. ఉండాలని రూలుందా?

ఉంది. రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న 10 మంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు స్పెషల్ టీచర్ ఉండాలి. మరుసటి ఏడాది కేంద్రం అదే లెక్కను విద్యాహక్కు చట్టంలో చేర్చింది. రాష్ట్రాలు నాన్చుతుంటే 2025 మార్చిలో కోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది.

తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్‌జీటీ పోస్టులు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ 2025 ఏప్రిల్‌లో 2,260 పోస్టులు మంజూరు చేసింది, వాటిలో 1,136 ఎస్‌జీటీ, 1,124 స్కూల్ అసిస్టెంట్. ఊళ్ల సంఖ్యతో పోల్చితే ఇవి చాలవు. ఒకే టీచరు నాలుగైదు బళ్లు తిరగాల్సిందే. మీ బడికి ఏ రోజుల్లో వస్తారో ఎంఈఓ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. వచ్చే టీచరుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రైవేటు థెరపీ సెంటర్లలోనూ ఆ నంబరు అడగండి, సిగ్గుపడకండి.

ప్రైవేటు బడి వాళ్లు "మా దగ్గర ఫెసిలిటీ లేదు" అంటున్నారు. ఏం చేయాలి?

మాకూ జరిగింది. పేరు ఎందుకులెండి. నాలుగు రంగుల బ్రోషర్‌లో "ప్రతి బిడ్డా ప్రత్యేకమే" అని అచ్చేసుకున్న బడి అది. మా వాణ్ని ఒక గదిలో కూర్చోబెట్టి ఆపిల్ బొమ్మ చూపించి పేరు చెప్పమన్నారు. వాడు బొమ్మ నాకాడు. "ఫోన్ చేస్తామండీ" అన్నారు. ఇంకా చేస్తూనే ఉన్నారు.

ఆ పరీక్షే చట్టవిరుద్ధం. చేర్చుకునేముందు పిల్లవాడికి గానీ అమ్మానాన్నలకు గానీ ఇంటర్వ్యూ, పరీక్ష పెట్టకూడదని విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ అంటుంది. మొదటి తప్పుకు 25,000, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. సీబీఎస్ఈ బళ్లయితే స్పెషల్ ఎడ్యుకేటర్‌ను పెట్టుకోవాలని బోర్డు 2015లోనే చెప్పింది. సీటు లేదనే మాట రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. చాలాసార్లు అక్కడే స్వరం మారుతుంది.

2012 సవరణతో వైకల్యం ఉన్న పిల్లలు కూడా 25 శాతం ఉచిత సీట్లకు అర్హులయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ 25లో 5 శాతం అనాథలకు, హెచ్ఐవీ బాధిత పిల్లలకు, దివ్యాంగులకు కలిపి కేటాయించారు.

"షాడో టీచర్‌ను మీరే తెచ్చుకోండి, జీతం మీరే ఇవ్వండి" అనే బళ్లు ఈ మధ్య ఎక్కువయ్యాయి. షాడో టీచర్ అంటే తరగతిలో పిల్లవాడి పక్కనే ఉండి సాయం చేసే మనిషి. దానికి ప్రభుత్వం డబ్బివ్వదు. ఆ జీతం ఫీజును మించిపోతుంటే, నా మాట వింటే, సర్కారు బడి, భవిత కేంద్రం జతను ఒకసారి చూడండి. పరువు తక్కువేమీ కాదు.

మామూలు బడా, స్పెషల్ స్కూలా?

చట్టం ఈ ఎంపిక మీకే వదిలింది. మాట అర్థమవుతూ, నలుగురిలో కాసేపైనా ఉండగలిగితే మామూలు బడి అంటాను. నాకు తెలిసిన ఒక పాప స్పెషల్ స్కూల్‌కు మారాకే తిండి, నిద్ర కుదుటపడ్డాయి. వాళ్లమ్మ నిర్ణయం వాళ్లమ్మది.

బడికి అసలు రాలేనంత తీవ్రత ఉంటే ఇంటి దగ్గర చదువు కూడా హక్కే. ఐఈఆర్‌పీ వారంలో ఒకరోజు ఇంటికొచ్చి నేర్పాలి. కానీ కొందరు దీన్ని తేలిక దారిగా వాడతారు. గోల చేస్తున్నాడని, బడికి రాగలిగిన పిల్లవాణ్ని ఇంటికి నెట్టేస్తారు. ఎంచుకునే హక్కు అమ్మానాన్నలది, బడిది కాదు.

తరగతిలో ఎలాంటి మార్పులు అడగొచ్చు?

ముందు పిల్లవాడికి ఏది ఇబ్బందో కనిపెట్టండి. మా బడిలో గంట అంటే వరండాలో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. మూడో తరగతి దానికి ఆనుకుని ఉండేది. గంట కొట్టినప్పుడల్లా మా వాడు చెవులు మూసుకుని బల్ల కిందకు దూరేవాడు, పది నిమిషాల దాకా రాడు. రోజుకు ఎనిమిదిసార్లు గంట కొడతారు. అంటే చదువుకునే సమయంలో గంటకు పైగా బల్ల కిందే. తరగతి గది మార్చమని అడిగాం. అది కుదరదన్నారు గానీ, గంట కొట్టే అటెండరు మల్లన్న (అసలు పేరు కాదు) ఒక ఉపాయం చెప్పాడు: "కొట్టేముందు వాణ్ని పిలుస్తానమ్మా, వాడే కొడతాడు." నెల తిరక్కుండా గంట టైమ్‌కు అందరికన్నా ముందు లేచేది వాడే.

కిటికీ పక్కన కాకుండా గోడ పక్క సీటు, మాటతో పాటు బొమ్మ చూపించడం, పెద్ద పనిని ముక్కలు చేసి ఇవ్వడం, గోల ఎక్కువైతే కాసేపు వెళ్లి కూర్చునే మూల. పైసా ఖర్చు లేనివే ఇవన్నీ. స్పెషల్ టీచర్ మీతో కూర్చుని వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయాలి. "చదవడం, రాయడం మెరుగుపడాలి" అని రాస్తే ఒప్పుకోకండి. "దసరా సెలవుల్లోగా బాత్రూం కావాలని కార్డు చూపించి అడగాలి" అన్నట్టుండాలి.

అమెరికా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు అక్కడి ఐఈపీ (అదే, వ్యక్తిగత విద్యా ప్రణాళిక) కాగితాలు తెస్తుంటారు. ఇక్కడ వాటికి చట్టపరంగా విలువ లేదు, సర్టిఫికెట్ మళ్లీ తీసుకోవాలి. కానీ టీచరుకు అవి చాలా పనికొస్తాయి, పారేయకండి.

పరీక్షల్లో ఏ సౌకర్యాలున్నాయి?

గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లవాడు చెబితే జవాబులు రాసిపెట్టే మనిషి) సాయం. చట్టంలో రెండో, మూడో భాష నుంచి మినహాయింపు కూడా ఉంది. స్క్రైబ్‌ను 40 శాతం ఉన్నవాళ్లకే పరిమితం చేయడం తప్పని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పదో తరగతిలో హాల్‌టికెట్ వచ్చాక అడిగితే లాభం లేదు. నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేటప్పుడే సర్టిఫికెట్ జతచేసి దరఖాస్తు ఇవ్వాలి. రెగ్యులర్ బడి కుదరకపోతే రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి, సబ్జెక్టులను విడివిడిగా పూర్తిచేయొచ్చు.

పెన్షన్, ఇన్సూరెన్స్?

40 శాతం ఉంటే పిల్లలకూ పెన్షన్ వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 6,000, తెలంగాణలో 2023 జులైలో 4,016కు పెంచారు. ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఇన్సూరెన్స్ లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చులూ అందులో కొంత మేరకు వస్తాయి. బిల్లు మీద థెరపిస్టు సంతకం, స్టాంపు లేకపోతే క్లెయిమ్ తిరిగొస్తుంది.

టీచరు కొట్టారు. ఎవరికి చెప్పాలి?

ముందు హెచ్ఎంకు రాతపూర్వకంగా. తర్వాత ఎంఈఓ, డీఈఓ. కొట్టడం, అవమానించడం రెండూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషిద్ధం. అక్కడ కదలిక లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పంపొచ్చు. అత్యవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098. మాటలు రాని పిల్లలు ఇంటికొచ్చి చెప్పలేరు కాబట్టి సాయంత్రం స్నానం చేయించేటప్పుడు ఒళ్లు చూసుకోవడం అలవాటు చేసుకోండి.

18 నిండాక?

బ్యాంకు, ఆస్తి సంతకాల దగ్గర చిక్కొస్తుంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి గార్డియన్‌షిప్ తీసుకోవచ్చు.

బడికి ఇచ్చే దరఖాస్తు ఎలా రాయాలి?

తెల్ల కాగితం మీద, తెలుగులోనే. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద బడి స్టాంపు, తేదీ వేయించుకుని ఇంట్లో దాచండి. నేను ఇచ్చింది ఇలా ఉంటుంది:

"ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారం. మీ బడిలో మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయికి ఆటిజం ఉంది. యూడీఐడీ కార్డు నకలు జతచేశాను. దయచేసి, 1) యూడైస్ ప్లస్‌లో వాడి వివరాలను ఆటిజం కింద నమోదు చేయించండి. 2) భవిత కేంద్రం ప్రత్యేక ఉపాధ్యాయురాలితో కలిసి ఈ నెలలోగా వ్యక్తిగత విద్యా ప్రణాళిక తయారుచేయించండి. 3) పెద్ద శబ్దాలకు భయపడతాడు కాబట్టి గంటకు దూరంగా ఉన్న గదిలో కూర్చోబెట్టండి. ఇవి 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం అడుగుతున్నాను. ఏ రోజు వచ్చి కలవమంటే ఆ రోజు వస్తాను. కాపీ: మండల విద్యాధికారి గారికి."